మేనమామ కడుపులో పుండు: ఒక కాంటనీస్ కుటుంబంలో వంశపారంపర్య పెద్దపేగు క్యాన్సర్ – కేస్ స్టడీ

ఈ కేసులోని కుటుంబం దక్షిణ చైనా మూలాలుండి సింగపూర్‌లో స్థిరపడిన కాంటనీస్ కుటుంబం. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను గాని, వంశవృక్షంలో గాని రోగనిర్ధారణలో గాని వైద్యానికి అవసరమైన దేన్నీ మార్చలేదు. ఇక్కడి వంశపారంపర్య క్యాన్సర్ల క్లినిక్‌లో పనిచేస్తున్న తెలుగు వైద్యుడిగా నేను చూసిన కుటుంబాలన్నిటిలోకీ ఇది నాకు ఎక్కువ నేర్పింది. ఒకే జన్యులోపం ఏ అవయవంలో బయటపడుతుందన్నది ఆ మనుషులు ఎక్కడ, ఏ కాలంలో బతికారన్న దాన్ని బట్టి మారుతుందనీ, ఒక సమాజంలో తయారైన కొలబద్దతో మరో సమాజాన్ని కొలిస్తే ఆ లోపం కళ్లెదుట ఉండి కూడా కనబడకుండా పోతుందనీ పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఈ కుటుంబంలో దాన్ని దగ్గరగా చూశాను.

రోగి, రోగం

ఆమె వయసు 38, వృత్తి ఉపాధ్యాయిని, ఒక కూతురు. మా దగ్గరికి రావడానికి ముందు ఏడు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నిలబడలేనంత నీరసం ఉండేవి. హిమోగ్లోబిన్ 7.8 గ్రాములకు పడిపోయింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని ఆమె చెప్పడంతో మొదట చూపించుకున్న చోట దాన్నే కారణంగా తీసుకుని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వాడినప్పుడు కాస్త పెరగడం, ఆపగానే మళ్లీ పడిపోవడం మూడుసార్లు జరిగిన తరువాత గాని పేగులను పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నలభై ఏళ్లలోపు స్త్రీలో రక్తహీనతకు నెలసరి కారణం కావడం ఎంత మామూలో, ఆ మామూలుతనం చాటున పెద్దపేగు కుడిభాగంలోని కణితి నెలల తరబడి దాక్కోవడమూ అంతే మామూలు. కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పలచగా ఉంటుంది కాబట్టి అడ్డంకి లక్షణాలు ఆలస్యంగా వస్తాయి. కంటికి కనిపించనంత కొద్దిగా రక్తం మాత్రం రోజూ పోతూనే ఉంటుంది.

కొలనోస్కోపీలో ఆరోహణ పెద్దపేగులో సుమారు 5 సెంటీమీటర్ల కణితి కనిపించింది. స్కాన్‌లో కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకిన జాడలు లేవు. పది రోజుల్లో శస్త్రచికిత్స చేసి పేగు కుడి సగాన్ని తీసివేశారు. కణితి పేగు కండరపు పొరను దాటింది గాని, పరీక్షించిన 24 లింఫ్ గ్రంథుల్లో ఒక్కదానికీ వ్యాపించలేదు. అంటే రెండో దశ. సూక్ష్మదర్శిని కింద కణితి జిగురు వంటి మ్యూసిన్‌తో నిండి ఉంది, దాని చుట్టూ, లోపలా లింఫోసైట్లు (రోగనిరోధక కణాలు) గుమిగూడి ఉన్నాయి. ఈ రూపం అలవాటున్న పాథాలజిస్టుకు ఇది వంశపారంపర్యమేమోనని ఇంతలోనే అనుమానం కలుగుతుంది.

మా ఆసుపత్రిలో పెద్దపేగు క్యాన్సర్ అని తేలిన ప్రతి కణితికీ నాలుగు మరమ్మతు ప్రొటీన్ల పరీక్ష చేస్తారు. కణం విభజన పొందేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను వెతికి సరిచేసే ఈ ప్రొటీన్లు జంటలుగా పనిచేస్తాయి: ఎంఎస్‌హెచ్2తో ఎంఎస్‌హెచ్6, ఎంఎల్‌హెచ్1తో పీఎంఎస్2. జంటలో ముఖ్యమైనది లేకపోతే రెండోది నిలవలేక తానూ కరిగిపోతుంది. ఈమె కణితిలో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ లేవు, మిగతా రెండూ ఉన్నాయి. ఎంఎల్‌హెచ్1 లోపించి ఉంటే అది వయసుతో వచ్చిన మిథైలేషన్ (జన్యువు మీద రసాయన ముద్ర పడి అది మూతపడడం) వల్లనా, లేక పుట్టుకతో వచ్చిన మార్పు వల్లనా అని తేల్చుకోవడానికి బీఆర్‌ఏఎఫ్ అన్న జన్యువు పరీక్ష, మిథైలేషన్ పరీక్ష చేయవలసి వచ్చేది. ఎంఎస్‌హెచ్2 లోపానికి ఆ సందేహం చాలా తక్కువ. ఇది లించ్ సిండ్రోమ్ – ఈ మరమ్మతు ప్రొటీన్లను తయారుచేసే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే లోపించి, పెద్దపేగు, గర్భాశయం వంటి చోట్ల క్యాన్సర్లను తెచ్చే వంశపారంపర్య స్థితి – కావచ్చునన్న గట్టి అనుమానంతో ఆమెను మా క్లినిక్‌కు పంపారు.

ఇక్కడ నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. ఈ ప్రొటీన్ల పరీక్షను శస్త్రచికిత్సకు ముందు కొలనోస్కోపీలో తీసిన బయాప్సీ ముక్క మీదనే చేయవచ్చు. అలా చేసి ఉంటే, కుడి సగం మాత్రమే తీయాలా లేక పెద్దపేగులో ఎక్కువ భాగం తీసివేయాలా అన్న నిర్ణయం ఆమె చేతిలో ఉండేది. లించ్ కుటుంబాల్లో పేగులో కొంత భాగమే తీసినప్పుడు మిగిలిన పేగులో కొత్త క్యాన్సర్ వచ్చే అవకాశం 10 ఏళ్లలో నూటికి 16, 20 ఏళ్లలో 41, 30 ఏళ్లలో 62 అని 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. 38 ఏళ్ల మనిషికి 30 ఏళ్లు చాలా దగ్గరి కాలం. విరేచనాల బాధ, జీవన నాణ్యత లెక్కలోకి తీసుకుని ఆమె సగం పేగునే ఎంచుకుని ఉండేదేమో; కాని ఎంచుకునే అవకాశం ఆమెకు రాలేదు. అప్పటి నుంచి మా బృందం అరవై ఏళ్లలోపు రోగులందరికీ బయాప్సీ మీదనే ఈ పరీక్ష చేయిస్తోంది.

రెండో దశలో ఉండి మరమ్మతు లోపమున్న కణితులకు ఫ్లోరోయురాసిల్ అన్న కీమో మందు ఒక్కటే ఇవ్వడం వల్ల మేలు కనిపించలేదు కాబట్టి కీమోథెరపీ ఇవ్వలేదు.

వంశవృక్షం: 'అంకుల్' ఎవరు?

మొదటి సందర్శనలో ఆమె నింపి తెచ్చిన ఇంగ్లిష్ పత్రంలో "అంకుల్ – కడుపు క్యాన్సర్, 49" అని ఉంది. పక్కన తండ్రి తరఫు బంధువుల గడిలో టిక్కు ఉంది. నేను దాన్ని అలాగే తీసుకుని తండ్రివైపు గీశాను. తల్లి గురించి అడిగితే, "మా అమ్మకు క్యాన్సర్ ఏమీ లేదు డాక్టర్, గర్భసంచి తీయించుకుంది, బాగయింది, పదేళ్ల తరువాత గుండెజబ్బుతో పోయింది" అన్నది. ఆ రోజు నేను గీసిన వంశవృక్షంలో తండ్రివైపు ఒక్క చుక్క మాత్రమే ఉంది, తల్లివైపు ఏమీ లేదు. ఏ వైపూ అనుమానించదగ్గదిగా లేదు.

రెండోసారి ఆమె తన పెద్దమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దమ్మకు 71 ఏళ్లు, ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. మా కాంటనీస్ దుబాసీ ద్వారా మాట్లాడుతుండగా ఆవిడ నోట 'కౌ' అన్న మాట వచ్చింది. అది మేనమామకు వాడే మాట. కాంటనీస్‌లో తండ్రి అన్న, తండ్రి తమ్ముడు, తల్లి సోదరుడు – ముగ్గురికీ మూడు వేర్వేరు మాటలున్నాయి. మేనత్తకు ఒక మాట, తల్లి అక్కచెల్లెళ్లకు మరొకటి. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని అని పుట్టుకతో నేర్చిన నేను ఈ సంగతి ముందే తట్టి అడగవలసింది. ఇంగ్లిష్ పత్రం ఆ బంధుత్వాలన్నిటినీ ఒకే మాటలో కలిపేసింది. టిక్కు ఏ గడిలో పెట్టాలో తెలియక ఆమె పెట్టింది. నేను దాన్ని నమ్మాను. వంశపారంపర్య రోగాల వైద్యంలో తల్లివైపా తండ్రివైపా అన్నది అలంకారం కాదు, మొత్తం నిర్ధారణ దాని మీదే నిలబడుతుంది. అందువల్ల ఇప్పుడు నేను ఏ భాష కుటుంబాన్నయినా వారి సొంత బంధుత్వపు మాటలతోనే అడుగుతాను. తెలుగు రోగులకు ఇంగ్లిష్ పత్రాలు ఇస్తున్న మన ఆసుపత్రుల్లోనూ ఇదే పొరపాటు జరగడానికి వీలుందని ఈ సందర్భంలో చెప్పాలి.

ఆ గంటలో వంశవృక్షం మొత్తం మారిపోయింది. మేనమామ ఇపోలో ఉండేవాడు. అది మలేషియాలో కాంటనీస్ మాట్లాడే పాత తగరపు గనుల పట్టణం. 49వ ఏట జీర్ణాశయ క్యాన్సర్‌తో చనిపోయాడు. అయితే ఇంట్లో అందరూ 'కడుపులో పుండు' అనే చెప్పుకున్నారు. క్యాన్సర్ అన్న పేరు పిల్లల పెళ్లిళ్లకు అడ్డం వస్తుందన్న భయం ఎక్కడైనా ఒకటే. మన ఊళ్లలోనూ 'కడుపులో గడ్డ' అని మాత్రమే చెప్పిన మరణాలు నాకు తెలుసు. తల్లికి 47వ ఏట గర్భసంచి తీయడానికి కారణం గర్భాశయ లోపలి పొరలో క్యాన్సర్ అని పాత ఆసుపత్రి కాగితాల్లో దొరికింది. నయమైపోయింది కాబట్టి దాన్ని ఆ ఇంట్లో ఎవరూ క్యాన్సర్‌గా లెక్కించలేదు. తల్లి తండ్రి, అంటే రోగికి తాతగారు, 1930లలో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి ఓడలో వచ్చి 45వ ఏట 'పేగు మూసుకుపోయి' చనిపోయాడు. పెద్దమ్మ ఆరోగ్యంగానే ఉంది. 44వ ఏట ఫైబ్రాయిడ్ల కోసం గర్భసంచి తీయించుకుంది, అరవైలో పేగులోని పాలిప్‌లు (చిన్న గడ్డలు) తీయించుకుంది.

ఆమ్‌స్టర్‌డామ్ కొలతకు దొరకని కుటుంబం

లించ్ కుటుంబాలను గుర్తించడానికి 1991లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రమాణాలు వచ్చాయి, 1999లో వాటిని సవరించారు. సవరించిన వాటి ప్రకారం పెద్దపేగు, గర్భాశయ పొర, చిన్నపేగు, మూత్రనాళం, మూత్రపిండపు తొట్టి – వీటిలో క్యాన్సర్ వచ్చిన బంధువులు కనీసం ముగ్గురు ఉండాలి, వారిలో ఒకరు మిగతా ఇద్దరికీ అతి దగ్గరి రక్తబంధువు కావాలి, రెండు తరాలకు వ్యాపించి ఉండాలి, ఒకరికైనా 50 ఏళ్లలోపు వచ్చి ఉండాలి. ఈ జాబితాలో జీర్ణాశయం లేదు. మా రోగి ఒకరు, తల్లితో కలిపి ఇద్దరు. మేనమామది జీర్ణాశయం కాబట్టి లెక్కలోకి రాడు. తాతగారి చావుకు కాగితం లేదు. కళ్లెదుట మూడు తరాలు ఉన్నా ప్రమాణం ప్రకారం ఈ కుటుంబం లించ్ కుటుంబం కాదు. ఏ కణితులను పరీక్షించాలో చెప్పే, 2004లో సవరించిన బెథెస్డా సూచనల్లో జీర్ణాశయం ఉంది. 50 ఏళ్లలోపు వచ్చిన పెద్దపేగు క్యాన్సర్ అన్న ఒక్క కారణంతోనే ఆ సూచనలు మా రోగి కణితిని పరీక్షించమనేవి. అయితే అవి పెద్దపేగు క్యాన్సర్ వచ్చాకే వర్తిస్తాయి. తల్లికి గర్భాశయ క్యాన్సర్ వచ్చిన నాడు గాని, మేనమామ చనిపోయిన నాడు గాని ఈ ఇంటి తలుపు తట్టే సూచన ఏదీ లేదు.

జీర్ణాశయం జాబితాలో ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు ఈ రోగం చరిత్రలోనే ఉంది. 1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు పాథాలజిస్టు ఆల్‌డ్రెడ్ వార్తిన్‌తో ఒక కుట్టుపని చేసే స్త్రీ, తమ ఇంట్లో అందరూ కడుపు, పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోయారని, తానూ అలాగే పోతానని చెప్పింది. చివరికి గర్భాశయ క్యాన్సర్‌తోనే పోయింది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆ కుటుంబం వివరాలను వార్తిన్ 1913లో ప్రచురించాడు. అప్పటి తరాల్లో జీర్ణాశయ క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్ ప్రముఖంగా కనిపిస్తాయి. 1971లో, ఈ రోగానికి ఎవరి పేరు పెట్టారో ఆ హెన్రీ లించ్ అదే కుటుంబాన్ని మళ్లీ పరిశీలించేసరికి జీర్ణాశయ క్యాన్సర్లు తగ్గి పెద్దపేగు క్యాన్సర్లు పెరిగాయి. రక్తం అదే, లోపం అదే. మారింది అమెరికా: అక్కడి జనాభా మొత్తంలోనే జీర్ణాశయ క్యాన్సర్ ఆ దశాబ్దాల్లో తగ్గిపోయింది. ఆ కుటుంబంలోని లోపం ఎంఎస్‌హెచ్2 జన్యువులోనే ఉందని 2000లో తేలింది. నా రోగి కణితిలో లేని ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు అదే.

జపాన్, కొరియా, చైనాలలో జీర్ణాశయ క్యాన్సర్ ఇప్పటికీ ఎక్కువే. అక్కడి లించ్ కుటుంబాల్లో కూడా పాశ్చాత్య కుటుంబాల కంటే అది ఎక్కువగా కనిపిస్తుంది. 2023లో వచ్చిన జపాన్ అధ్యయనం ఒకటి 10,426 మంది జీర్ణాశయ క్యాన్సర్ రోగులను, ఆ రోగం లేని 38,153 మందిని పోల్చి చూసి, ముప్పును పెంచే తొమ్మిది జన్యువులను గుర్తించింది. వాటిలో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 మూడూ ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ముగ్గురు రోగగ్రస్త బంధువులు కావాలంటే ముందు అంతమంది బంధువులుండాలి. చైనాలో మూడున్నర దశాబ్దాల ఒకే బిడ్డ విధానం, జపాన్, కొరియా, సింగపూర్‌లలో ఒకరిద్దరు పిల్లల కుటుంబాలు కలిసి, అన్నదమ్ములు, మేనత్తలు, మేనమామలు లేని వంశవృక్షాలను తయారుచేశాయి. అటువంటి చోట కుటుంబచరిత్రను మాత్రమే నమ్ముకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. ప్రతి కణితినీ పరీక్షించడమే దారి. ఎంపిక చేయకుండా 12 వేలకు పైగా జపాన్ పెద్దపేగు క్యాన్సర్ రోగుల జన్యువులను చదివిన అధ్యయనంలో నూటికి ముగ్గురికి పైగా వారసత్వంగా వచ్చిన హానికర మార్పులు దొరికాయి.

నాలుగు అక్షరాలు

రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏలో ఎంఎస్‌హెచ్2 జన్యువులో 1452 నుంచి 1455 వరకు ఉన్న నాలుగు అక్షరాలు – ఏ, ఏ, టీ, జీ – లేవని తేలింది. జన్యుసంకేతాన్ని కణం మూడేసి అక్షరాలుగా చదువుకుంటుంది. మూడు అక్షరాలు పోతే ఒక అమైనో ఆమ్లం తగ్గుతుంది, వాక్యం మిగులుతుంది. నాలుగు పోతే అక్కడి నుంచి ప్రతి మాటా జరిగిపోయి, కొద్ది దూరంలోనే అర్థం లేని చోట వాక్యం ఆగిపోతుంది. ప్రొటీన్ తయారు కాదు.

ఈ మార్పు నాకు కొత్త కాదు. 2004లో హాంకాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన లియుంగ్ స్యూట్ యీ, యూన్ సియు ట్సాన్ బృందం, వేర్వేరు కుటుంబాలుగా కనిపించిన దక్షిణ చైనా రోగుల్లో ఇదే నాలుగక్షరాల లోపం పదేపదే కనబడుతోందని, దాని చుట్టూ ఉన్న క్రోమోజోమ్ ముక్క కూడా అందరిలో ఒకటేనని చూపించింది. అంటే వారందరూ ఎప్పుడో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో బతికిన ఒకే పూర్వికుడి లేదా పూర్వికురాలి సంతతి. ఆ పూర్వికుల కాలం 22 నుంచి 103 తరాల వెనుక అని లెక్కగట్టారు. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే సుమారు 550 నుంచి 2,575 ఏళ్లు. ఇటువంటి దాన్ని పునాది మార్పు అంటాం. 19, 20 శతాబ్దాల్లో గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్‌ల నుంచి ఆగ్నేయాసియాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు లక్షల మంది ఓడలెక్కారు. ఈ మార్పు కూడా వారితో ప్రయాణించింది. తాతగారి ఊరు గ్వాంగ్‌డాంగ్ అని పెద్దమ్మ చెప్పినప్పుడే నేను ఈ మార్పు గురించి ఆలోచించాను. కొరియా కుటుంబాల్లో ఎంఎల్‌హెచ్1లో వారిదే అయిన పునాది మార్పు ఒకటి ఉంది. తూర్పు ఆసియా అన్నంత మాత్రాన జన్యుపరంగా అంతా ఒకటి కాదు.

ఒకవేళ ఆ పరీక్షలో ఏమీ దొరక్కపోయి ఉంటే మేము పక్కనున్న ఎప్‌క్యామ్ జన్యువు చివరను వెతికేవాళ్లం. ఆ పాఠం కూడా హాంకాంగ్ నుంచి వచ్చిందే. 2006లో అదే బృందం ఒక కుటుంబంలో మూడు తరాలుగా ఎంఎస్‌హెచ్2 మిథైలేషన్‌తో మూతపడి ఉండటాన్ని ప్రకటించింది. జన్యువులో అక్షరదోషం లేదు గాని జన్యువు పలకడం లేదు. 2009లో నెదర్లాండ్స్ పరిశోధకుల నాయకత్వంలో జరిగిన పని దానికి కారణం చెప్పింది: పొరుగున ఉన్న ఎప్‌క్యామ్ జన్యువు చివరిభాగం తెగిపోవడంతో, దాన్ని చదివే యంత్రాంగం ఆగవలసిన చోట ఆగకుండా ఎంఎస్‌హెచ్2 ముంగిట్లోకి వచ్చి దాన్ని మూయిస్తోంది.

బంధువులు

ఈ మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. ఎంఎస్‌హెచ్2 మార్పు ఉన్నవారిలో 75 ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం సగానికి కొద్దిగా తక్కువ. స్త్రీలలో గర్భాశయ క్యాన్సర్ అవకాశం సుమారు సగం. మూత్రనాళాలు, అండాశయాలు, జీర్ణాశయం ఆ తరువాత వస్తాయి.

పెద్దమ్మ పరీక్షకు వెంటనే ఒప్పుకుంది. ఆవిడలో మార్పు ఉంది. 71 ఏళ్లు వచ్చినా క్యాన్సర్ రాలేదు. నలభైల్లో గర్భసంచి పోవడం, అరవైలో పాలిప్‌లు తీయించుకోవడం తెలియకుండానే ఆవిడను కాపాడాయని అనుకుంటున్నాను. ఈ ఫలితం చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, తన తమ్ముడి పిల్లలకు తానే చెబుతానన్నది.

మేనమామకు ఇద్దరు పిల్లలు: కొడుకు 37, కూతురు 34. ఇద్దరూ మలేషియాలోనే ఉన్నారు. మేనమామ కణితి ముక్క దొరకలేదు. జీర్ణాశయ క్యాన్సర్ తూర్పు ఆసియాలో అంత మామూలు కాబట్టి ఆయనది ఈ మార్పుతో సంబంధం లేనిదయ్యే అవకాశాన్ని నేను కొట్టివేయలేకపోయాను. కూతురు పరీక్ష చేయించుకుంది. ఆమెలో అదే నాలుగక్షరాల లోపం ఉంది. ఆ ఫలితంతో తండ్రిలోనూ అది ఉండి తీరాలని తేలింది. తండ్రి చనిపోయిన 17 ఏళ్లకు ఆయన రోగానికి కారణం కూతురి రక్తంలో దొరికింది. ఆమెకు చేసిన మొదటి కొలనోస్కోపీలోనే 9 మిల్లీమీటర్ల అడినోమా (క్యాన్సర్‌గా మారగల పాలిప్) కనిపించింది. దానిలో కణాలు అప్పటికే తీవ్రమైన మార్పుకు లోనై ఉన్నాయి. తీసేశారు. ఈ కుటుంబంలో మేము చేసిన పనంతటిలో అన్నిటికంటే విలువైనది ఆ పది నిమిషాల పని.

ఆమెకు అప్పుడే పెళ్లి కుదిరింది. కాబోయే భర్త కూడా కాంటనీస్ వాడే, వాళ్ల పూర్వికులదీ గ్వాంగ్‌డాంగే. భార్యాభర్తలిద్దరిలోనూ ఒకే మరమ్మతు జన్యువులో లోపం ఉంటే, రెండూ కలిసి వచ్చిన బిడ్డకు చిన్ననాటనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు వచ్చే అరుదైన, కఠినమైన రోగం రావచ్చు. పునాది మార్పు ఉన్న సమాజంలో ఈ ప్రశ్న అడగక తప్పదు. ఆయన పరీక్ష చేయించుకున్నాడు, ఆయనలో లేదు. తెలుగు పాఠకులకు ఈ చోట ఒక మాట చెప్పాలి. మనకు ఈ నాలుగక్షరాల మార్పుతో సంబంధం లేదు గాని, మేనరికాలు ఉన్న కుటుంబంలో లించ్ సిండ్రోమ్ దొరికితే ఇదే ప్రశ్న మరింత దగ్గరగా నిలబడుతుంది. ఎందుకంటే అక్కడ భార్యాభర్తలు ఒకే తాతగారి జన్యువును పంచుకోవచ్చు.

మా రోగి కూతురికి తొమ్మిదేళ్లు. పెద్దయ్యే వరకు పరీక్ష అవసరం లేదని, అప్పుడు తన నిర్ణయం తానే తీసుకుంటుందని చెప్పాము. తల్లికి ఇది కష్టంగా ఉంది. ప్రతి సందర్శనలోనూ అడుగుతుంది, ప్రతిసారీ మొదటి నుంచి మాట్లాడుకుంటాము.

అన్నగారి ప్రశ్న: సాధారణ మార్పులు

రోగి అన్నగారికి 42 ఏళ్లు. ఆయనలో మార్పు లేదు. కుటుంబంలో ఏ మార్పు తిరుగుతోందో తెలిసిన తరువాత వచ్చిన 'లేదు' కాబట్టి ఈ ఫలితాన్ని నమ్మవచ్చు. ఆయన ముప్పు మామూలు సింగపూర్ పౌరుడి ముప్పే, 50 ఏళ్ల నుంచి అందరిలాగే మల పరీక్ష చాలు. ఆయన తృప్తిపడలేదు. ఇంటికి తెప్పించుకున్న ఒక జన్యుపరీక్ష నివేదికను నా ముందు పెట్టాడు. అందులో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 'ఎక్కువ' అని ఉంది.

ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పవలసి వచ్చింది. లించ్ వంటి అరుదైన, బలమైన మార్పులు కాకుండా, జనాభాలో చాలామందిలో ఉండి ఒక్కొక్కటి ముప్పును చాలా కొద్దిగా మాత్రమే పెంచే మార్పులు వందల సంఖ్యలో ఉన్నాయి. మొదటిదాన్ని 2007లో 8వ క్రోమోజోమ్ పొడవైన చేతిలో గుర్తించారు; ఒక్కో నకలు ముప్పును సుమారు ఐదోవంతు పెంచుతుంది, అంతే. తొలి అధ్యయనాలు ఎక్కువగా యూరప్ సంతతి వారి మీద జరిగాయి. తూర్పు ఆసియా ప్రజల్లో వెతకడానికి చైనా, జపాన్, కొరియా పరిశోధకులు అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆసియా కొలరెక్టల్ క్యాన్సర్ కన్సార్టియం ఏర్పరచుకున్నారు. వారు 2013లో మూడు, 2014లో ఆరు, 2019లో 13 కొత్త స్థానాలను ప్రకటించారు. 2023లో రెండు సంతతులనూ కలిపి లక్షకు పైగా రోగులను చూసిన విశ్లేషణలో మొత్తం 205 సంబంధాలు తేలాయి. చాలా స్థానాలు రెండు సంతతుల్లోనూ ఒకటే. అయితే ఆ స్థానంలో ఏ అక్షరం గుర్తుగా పనిచేస్తుందో, అది ఎంతమందిలో ఉంటుందో సంతతిని బట్టి మారుతుంది. అందుకే ఈ చిన్న మార్పులన్నిటినీ కూడి యూరప్ వారి లెక్కలతో కట్టిన ముప్పు స్కోరు తూర్పు ఆసియా వారిలో గురి తప్పుతుంది. ఆయన నివేదిక చివరి పేజీలో ఆ స్కోరును యూరప్ సంతతి సమాచారంతో కట్టినట్టు సన్నని అక్షరాల్లో రాసి ఉంది. దాన్ని ఆయనకు చూపించాను. మన భారతీయులకు ఇటువంటి స్కోర్లు అమ్మే వారికీ ఇదే ప్రశ్న వేయాలి.

ఆయన ఇంకొకటి అడిగాడు. ఒక గ్లాసు బీరు తాగితే ముఖం ఎర్రబడుతుంది, అది కూడా జన్యువేనా, దాని వల్ల పేగు క్యాన్సర్ వస్తుందా అని. అది ఏఎల్‌డీహెచ్2 జన్యువులోని ఆర్‌ఎస్671 అన్న మార్పు. తూర్పు ఆసియా వారిలో సుమారు మూడోవంతు మందికి పైగా ఉంటుంది, భారతీయుల్లో చాలా అరుదు. మద్యం విరిగి తయారయ్యే ఎసిటాల్డిహైడ్‌ను ఈ మార్పు ఉన్నవారి శరీరం త్వరగా వదిలించుకోలేదు. అన్నవాహిక క్యాన్సర్‌కు దీని సంబంధం బలమైనది: ఈ మార్పు ఉండి కూడా తాగేవారికి ముప్పు బాగా పెరుగుతుంది. పెద్దపేగు విషయంలో లెక్క అంత సూటిగా లేదు, ఎందుకంటే ముఖం ఎర్రబడి ఇబ్బంది పడేవారు సహజంగానే తక్కువ తాగుతారు, తక్కువ తాగడమే పేగుకు మేలు చేస్తుంది. జన్యువు అలవాటును మారుస్తుంది, అలవాటు ముప్పును మారుస్తుంది. తాగవద్దని ఆయనకు చెప్పాను. పేగు కోసం కొంత, అన్నవాహిక కోసం ఎక్కువ.

జన్యువు ఒక్కటే కారణమైతే దేశం మారినా రోగం మారకూడదు. 1968లో హేన్‌జెల్, కురిహారా అన్న పరిశోధకులు అమెరికాకు వలసవెళ్లిన జపాన్ వారిని పరిశీలించి, వారిలో జీర్ణాశయ క్యాన్సర్ నెమ్మదిగానే తగ్గగా పెద్దపేగు క్యాన్సర్ మాత్రం త్వరగా అమెరికన్ల స్థాయికి చేరుతోందని చూపించారు. సముద్రం దాటిన తాతగారి పేగు, ఇపోలో ఉండిపోయిన మేనమామ జీర్ణాశయం, సింగపూర్‌లో పెరిగిన మేనకోడలి పెద్దపేగు – ఒక్క కుటుంబాన్ని బట్టి సిద్ధాంతం చేయకూడదని తెలిసినా, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద గీసినప్పుడు నాకు ఆ అధ్యయనం గుర్తుకు రాకుండా ఉండలేదు.

ఇప్పటి స్థితి

మా రోగికి ఏడాదికొకసారి కొలనోస్కోపీ చేస్తున్నాము. మల పరీక్ష లించ్ ఉన్నవారికి చాలదు. వారిలో అడినోమా క్యాన్సర్‌గా మారడానికి పట్టే కాలం చాలా తక్కువ. గర్భాశయ పొర బయాప్సీలో క్యాన్సర్ లేదు. ఇక పిల్లలు వద్దనుకున్న తరువాత, 40వ ఏట ఆమె గర్భాశయాన్ని, అండాశయాలను తీయించుకుంది. మేనమామ కథను బట్టి ఈ కుటుంబంలో మార్పున్న అందరికీ రెండేళ్లకొకసారి జీర్ణాశయ ఎండోస్కోపీ పెట్టాము, జీర్ణాశయ క్యాన్సర్ ముప్పును పెంచే హెలికోబాక్టర్ పైలోరీ అన్న బాక్టీరియా కోసం పరీక్షించాము. పెద్దమ్మలోనూ ఇపో అమ్మాయిలోనూ ఆ బాక్టీరియా దొరికింది. మందులతో నిర్మూలించి, పోయిందని శ్వాస పరీక్షతో నిర్ధారించాకే ఆస్పిరిన్ గురించి మాట్లాడాము. లించ్ ఉన్నవారు రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ సగటున రెండేళ్ల పాటు వాడితే తరువాతి కాలంలో పెద్దపేగు క్యాన్సర్ తగ్గుతుందని క్యాప్2 అన్న వైద్య ప్రయోగం 2011లో చూపించింది, పదేళ్ల ఫలితాలు 2020లో దాన్ని బలపరిచాయి. అయితే జీర్ణాశయం బలహీనంగా ఉన్న కుటుంబంలో అంత మోతాదు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు; తక్కువ మోతాదుతో మొదలుపెట్టాము.

బీమా భయం కొంతవరకు తీరింది. ముందుజాగ్రత్తగా చేయించుకున్న జన్యుపరీక్ష ఫలితాన్ని సాధారణంగా బీమా సంస్థలు అడగకూడదన్న ఏర్పాటు సింగపూర్‌లో 2021 అక్టోబరు నుంచి ఉంది. ఇపోలోని వారికి ఆ భరోసా నేను ఇవ్వలేకపోయాను. మేనమామ కొడుకు పరీక్షకు రాకపోవడానికి ఒక కారణం అదే. రెండో కారణం, తండ్రికి క్యాన్సర్ అన్న మాటనే ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. ఆయనకు 37 ఏళ్లు; కొలనోస్కోపీ మొదలుపెట్టవలసిన వయసు 20 నుంచి 25. పరీక్ష వద్దనుకున్నా సరే, మార్పు ఉన్నట్టే భావించి కొలనోస్కోపీ చేయించుకొమ్మని చైనీస్‌లో ఒక ఉత్తరం రాయించాము. ఏప్రిల్‌లో ఛింగ్‌మింగ్ పండుగకు తండ్రి సమాధిని శుభ్రం చేయడానికి అన్నాచెల్లెళ్లు కలుస్తారు. ఈసారి పెద్దమ్మ కూడా ఇపో వెళ్తోంది. ఉత్తరం ఇప్పుడు ఆవిడ సంచిలో ఉంది.